టాబ్లెట్లకి కంటిన్యువస్ లైన్ వేయాలా? ముందు ఫీడర్ పక్కన నిలబడి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది ఒక 200 మిల్లీగ్రాముల టాబ్లెట్. అందులో ఏపీఐ (అసలు మందు) 40 మిల్లీగ్రాములు, అంటే 20 శాతం. గ్రాన్యులేషన్ (పొడిని ముందు గుళికలుగా కట్టడం) లేదు, డైరెక్ట్ కంప్రెషన్, అంటే కలిపిన పొడిని నేరుగా మాత్రగా నొక్కడం. ప్రస్తుతం బిన్ బ్లెండర్‌లో 300 కిలోల బ్యాచ్‌లు చేస్తున్నారు, ఏడాది పొడవునా ఇదే నడుస్తోంది. ఇప్పుడు మేనేజ్‌మెంట్ కంటిన్యువస్ లైన్, అంటే పొడిని కొలిచి వదిలే ఫీడర్ల నుంచి బ్లెండర్, ప్రెస్ దాకా ఆగకుండా సాగే లైన్, కొందామంటోంది. వేగం పెరుగుతుందా, మనుషులు తగ్గుతారా, రెగ్యులేటర్లు ఒప్పుకుంటారా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను బ్యాచ్ కంప్రెషన్‌లో చాలా ఏళ్లు చేసి, తర్వాత కంటిన్యువస్ లైన్‌కి మారినవాడిని. మారిన మొదటి ఏడాదిలో ఎన్ని తప్పులు చేయొచ్చో దాదాపు అన్నీ చేశాం. కాబట్టి బ్రోచర్లలో దొరకని సంగతులే రాస్తాను.

ముందు వేగం సంగతి. వేగం కోసమైతే కొనకండి. గంటకి 20 కిలోల లైన్ అనుకోండి, మీ లెక్కన గంటకి లక్ష మాత్రలు. మీ దగ్గర ఇప్పుడున్న రోటరీ ప్రెస్ అంతకన్నా చాలా ఎక్కువే కొట్టగలదు. మీ 300 కిలోల బ్యాచ్ బిన్‌లో ఇరవై నిమిషాల్లో కలిసిపోతుంది. అదే 300 కిలోలు ఈ లైన్ మీదుగా పోవడానికి 15 గంటలు పడుతుంది. మరి లాభం ఎక్కడ? మీ బ్యాచ్ రికార్డు తీసి, డిస్పెన్సింగ్ నుంచి కంప్రెషన్ ముగిసేదాకా ప్రతి అడుగుకీ మొదలైన టైమ్, ముగిసిన టైమ్ ఒక కాగితం మీద రాసి చూడండి. పని జరిగిన గంటలకన్నా పని జరగని గంటలే ఎక్కువ కనిపిస్తాయి. బ్లెండ్ శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లింది, రిజల్ట్ రాలేదు, బిన్ క్వారంటైన్ లేబుల్‌తో కారిడార్‌లో నిలబడింది, ఈలోగా ప్రెస్‌కి వేరే ప్రోడక్ట్ ఎక్కింది. కంటిన్యువస్ లైన్ ఈ నిరీక్షణను మింగేస్తుంది. మిషన్ వేగం పెరగదు, క్యాలెండర్‌లో రోజులు తగ్గుతాయి. మేనేజ్‌మెంట్‌కి చెప్పేటప్పుడు ఈ రెంటినీ కలిపేసి చెప్పకండి, తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక అసలు విషయం. కంటిన్యువస్ అంటే బ్లెండర్‌నీ ప్రెస్‌నీ గొట్టంతో కలపడమని చాలామంది అనుకుంటారు. గొట్టం కలపడం మెకానిక్ పని. మీరు చేయగలగాల్సింది వేరు. ప్రెస్ నుంచి ఒక మాత్ర బయట పడగానే, ఇందులోని పొడి ఫీడర్ దాటింది ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి అని ఎవరైనా అడిగితే, ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ మధ్య అని లెక్కతో చెప్పగలగాలి. అది చెప్పలేకపోతే మీ దగ్గర ఉన్నది ఆగకుండా నడిచే బ్యాచ్ ప్లాంటు, అంతే. అది బ్యాచ్ ప్లాంటుకన్నా ప్రమాదం. ఎందుకంటే బ్యాచ్‌లో తప్పు ఒక బిన్‌లో బందీ అయి ఉంటుంది, ఇక్కడ పొడితో పాటు తప్పు కూడా ప్రవహిస్తూనే ఉంటుంది.

ఈ లెక్క ఫీడర్ దగ్గర మొదలవుతుంది. బ్యాచ్‌లో నిష్పత్తి నిర్ణయించేది డిస్పెన్సింగ్ రూమ్‌లోని తూకం. 60 కిలోల ఏపీఐ తూచి బిన్‌లో పోశారంటే, ఎంత చెడ్డగా కలిపినా మొత్తంలో 20 శాతమే ఉంటుంది. కంటిన్యువస్‌లో ఆ హామీ పోతుంది. ఏపీఐ ఫీడర్ గంటకి 4 కిలోలు, మిగతా ఫీడర్లన్నీ కలిసి 16 కిలోలు, ప్రతి క్షణం అలా పడుతూ ఉంటేనే 20 శాతం. అందుకే లాస్ ఇన్ వెయిట్ ఫీడర్ వాడతారు. హాపర్ (పొడి పోసే గరాటు), స్క్రూ, మోటారు అన్నీ లోడ్ సెల్ (తూకం సెన్సర్) మీద కూర్చుంటాయి. సెకనుకి ఎంత బరువు తగ్గుతోందో చూసుకుంటూ కంట్రోలర్ స్క్రూ వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. దీన్నే గ్రావిమెట్రిక్ మోడ్ అంటాం.

దానికి చీకటి గడియ రీఫిల్. హాపర్‌లోకి కొత్త పొడి పడుతున్నంతసేపూ బరువు పెరుగుతుంది కదా, స్క్రూ ఎంత బయటికి తోస్తోందో తూకం చెప్పలేదు. ఆ పది పదిహేను సెకన్లు కంట్రోలర్ కళ్లు మూసుకుని, అంతకుముందు నేర్చుకున్న వేగంతో నడిపేస్తుంది. సరిగ్గా అప్పుడే పైనుంచి పడిన పొడి కింది పొడిని నొక్కుతుంది, డెన్సిటీ పెరుగుతుంది, స్క్రూ ఒక చుట్టుకి ఎక్కువ పొడి తోస్తుంది. అంటే కంట్రోలర్ చూడని సమయంలోనే మందు ఎక్కువ పడుతుంది. హాపర్ 20 శాతానికి ఖాళీ అయ్యాక ఒకేసారి నింపితే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. 60 నుంచి 80 శాతం మధ్య ఉంచుతూ కొంచెం కొంచెంగా, తరచూ నింపితే తగ్గుతుంది. కిలో చొప్పున నింపితే మీ ఏపీఐ ఫీడర్‌కి పావుగంటకి ఒక రీఫిల్, 24 గంటల్లో 96. ఆ 96 సార్లూ ఒకేలా జరగాలి. ఫీడర్ ట్రయల్‌కి వెళ్లినప్పుడు వెండర్ చూపించే స్థిరమైన గ్రాఫ్‌కి మురిసిపోకండి, రీఫిల్ చేయించి ఆ నిమిషం గ్రాఫ్ అడగండి. ఇంకో తూకం యంత్రాన్ని ఫీడర్ కింద పెట్టి, పడిన పొడిని విడిగా తూచి పోల్చమనండి. ఫీడర్ తన గురించి తానే చెప్పుకునే మాట ఎప్పుడూ కొంచెం తీపిగానే ఉంటుంది.

ఆ పాఠం మాకు ఒక రాత్రి షిఫ్ట్‌లో దొరికింది. లైన్ పదకొండు గంటలుగా నడుస్తోంది. తెరమీద ఏపీఐ ఫీడర్ ఫ్లో గీత గీసినట్టు సెట్ పాయింట్ మీదే ఉంది. కానీ ప్రెస్ ఫీడ్ ఫ్రేమ్‌లోని (పొడిని అచ్చుల్లోకి నింపే భాగం) ఎన్ఐఆర్, అంటే ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పొడిలో మందు శాతం చూసే సెన్సర్, మాత్రం మందు మెల్లగా పెరుగుతోందని చూపిస్తోంది. ఉండాల్సినదాన్ని 100 అనుకుంటే 101, 102, కాసేపటికి 103 శాతం. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి? మేము తూకాన్ని నమ్మాం. ఎన్ఐఆర్ మోడల్ అప్పటికి కొత్తది, దాని మీద అందరికీ అనుమానమే. గాజు కిటికీకి పొడి అంటుకుని ఉంటుంది, తుడిస్తే సరి అన్నారు. తుడిచారు. 104 అయింది.

అప్పుడు ఒక ఆపరేటర్ ఫ్లో గ్రాఫ్ పక్కకి పెట్టి స్క్రూ వేగం గ్రాఫ్ తెరిచాడు. ఫ్లో స్థిరంగా ఉన్నా, స్క్రూ వేగం గంటన్నరగా కొద్దికొద్దిగా ఎక్కుతూనే ఉంది. అతను లేచి వెళ్లి హాపర్ మీది వెంట్ ఫిల్టర్‌ని వేలితో నొక్కాడు. మెత్తగా ఉండాల్సిన గుడ్డ అట్టలా బిగుసుకుపోయి ఉంది. సన్నటి ఏపీఐ ధూళి దాన్ని మూసేసింది. ఒక్కో రీఫిల్‌తో లోపలికి వచ్చిన గాలి బయటికి పోవడానికి దారి లేక హాపర్‌లో ఒత్తిడి పెరుగుతోంది, ఆ ఒత్తిడి తూకాన్ని కిందికి నొక్కుతోంది. లోడ్ సెల్ దాన్ని బరువు అనుకుంది. బరువు తగ్గాల్సినంత తగ్గట్లేదు, మందు తక్కువ పడుతోంది అని కంట్రోలర్ స్క్రూని తొందరపెట్టింది. తన లెక్కలో తాను నూటికి నూరు కరెక్ట్! ఫిల్టర్ మార్చాం, పది నిమిషాల్లో ఎన్ఐఆర్ 100కి దిగింది. గాజు తుడిచినప్పుడే స్క్రూ వేగం చూసి ఉంటే చాలా మాత్రలు మిగిలేవి.

అప్పటినుంచి మా అలారం లిస్టులో మొదటిది ఫ్లో కాదు, ఫీడ్ ఫ్యాక్టర్. అంటే స్క్రూ ఒక చుట్టుకి ఎన్ని గ్రాములు తోస్తోంది అన్నది. అది కారణం లేకుండా మారిందంటే, పొడి అయినా మారి ఉండాలి, తూకం అయినా అబద్ధం చెబుతుండాలి. ఇదే కుటుంబానికి చెందిన ఇంకొన్ని దొంగలు: రూమ్ తలుపు తీసినప్పుడు మారే గాలి ఒత్తిడి, ఏహెచ్‌యూ (రూమ్‌కి గాలి పంపే యూనిట్) గాలి నేరుగా ఫీడర్ మీద పడటం, బిగుతుగా కట్టిన బెల్లోస్, పక్కన నడిచే సిఫ్టర్ కంపనం. ఇన్‌స్టలేషన్ రోజున ఇవన్నీ చిల్లర విషయాల్లాగే కనిపిస్తాయి.

ఫీడర్ తర్వాత బ్లెండర్. ఇది ఒక పొట్టి గొట్టం, లోపల తిరిగే పలకలు. ఒక సమయంలో దాని కడుపులో అర కిలో, ముప్పావు కిలో పొడి మాత్రమే ఉంటుంది. ఇది పక్కపక్కన పడిన పొడులను కలుపుతుంది, దాంతోపాటు ముందూ వెనకా పడిన పొడినీ కొంతవరకు కలుపుతుంది. ఆ కొంతవరకు అన్నది ఎంత అనేదే రెసిడెన్స్ టైమ్ డిస్ట్రిబ్యూషన్. కొలవడం కష్టమేమీ కాదు. నిలకడగా నడుస్తున్న లైన్‌లో ఏపీఐ శాతాన్ని ఒక్కసారిగా ఒక మెట్టు పెంచి, చివర్లో అది ఎప్పుడు కనపడడం మొదలైంది, ఎప్పటికి పూర్తిగా మారింది అని రాసుకోవడమే. లేదా చిటికెడు ట్రేసర్ వేసి అది ఎంతసేపు వస్తూ ఉంటుందో చూడడం. ఇలా ఒక్క వేగం దగ్గర కాదు, మీరు నడపాలనుకునే అతి తక్కువ ఫ్లోలో, అతి ఎక్కువ ఫ్లోలో, బ్లెండర్ రెండు మూడు ఆర్‌పీఎంలలో చేయాలి.

దీనితో ఏం తెలుస్తుందో ఒక లెక్క చూడండి. బ్లెండర్‌లో పొడి సగటున 90 సెకన్లు ఉంటుందని, లోపల పూర్తిగా కలిసిపోతుందని అనుకుందాం. ఏదో రీఫిల్ వల్ల 10 సెకన్ల పాటు లోపలికి వెళ్లే పొడిలో మందు ఉండాల్సిన దానికన్నా 20 శాతం ఎక్కువైంది. బయటికి వచ్చేసరికి ఆ శిఖరం సుమారు 2 శాతానికి పడిపోతుంది. మాత్రకి ఏమీ కాదు. అదే 20 శాతం తేడా 5 నిమిషాలు సాగితే? బయట 19 శాతం పైనే కనిపిస్తుంది. బ్లెండర్ పొట్టి కుదుపుని మింగగలదు, పొడుగు జారుడుని మింగలేదు. మా వెంట్ ఫిల్టర్ కథలో బ్లెండర్ ఎందుకు ఆదుకోలేదో ఇప్పుడు తెలిసిందిగా. మీ ఫీడర్ అలారాలు కూడా ఈ లెక్క మీదే కట్టాలి. ఎంత తేడా ఎంతసేపు ఉంటే పర్లేదు అని, తేడానీ వ్యవధినీ కలిపి. ఊరికే ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం దాటితే అలారం అని పెడితే, రాత్రంతా గంటలు మోగుతాయి, తెల్లారేసరికి ఎవరూ వాటిని వినరు.

తప్పు జరిగితే ఆ ముక్కని పక్కకి మళ్లించడమే డైవర్షన్. ఇక్కడే కంటిన్యువస్ అందం ఉంది. 5 నిమిషాల పొడి మళ్లించారంటే 1.67 కిలోలు, దాదాపు 8,300 మాత్రలు. బ్యాచ్‌లో అయితే 300 కిలోలూ అనుమానంలో పడేవి. కానీ డైవర్షన్ తలుపు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నది పైన చెప్పిన డిస్ట్రిబ్యూషన్ చెప్పాలి. తప్పు పొడి మొదటి రేణువు ప్రెస్‌కి చేరేది సగటు కన్నా ముందే, చివరి రేణువు వదిలేది సగటు కన్నా చాలా తర్వాత. సగటు పట్టుకుని తలుపు తీసిమూస్తే రెండు కొసలా తప్పు మాత్రలు మంచి డ్రమ్ములోకి పోతాయి. ఇంకో మాట. డైవర్షన్ ఉంది కదా అని ప్రాసెస్‌ని వదిలేయకూడదు. ఒక రన్‌లో ఎంత శాతం మళ్లిస్తే ఆపి విచారణ చేయాలో ముందే రాసుకోండి. మంచివి ఏరుకుని అమ్మడం కంట్రోల్ కిందికి రాదు.

బ్లెండర్‌కీ ప్రెస్‌కీ మధ్య ఒక బఫర్ హాపర్ పెట్టుకుందామనే ఆశ అందరికీ కలుగుతుంది. ప్రెస్ ఆగినా పైన నడుస్తూ ఉంటుంది కదా అని. ఆ హాపర్ ఎంత పెద్దదైతే, ఏ నిమిషం పొడి ఏ మాత్రలో ఉందన్నది అంత మసకబారుతుంది. దాన్ని చిన్నదిగా ఉంచి, లెవెల్‌ని బట్టి ప్రెస్ వేగం తనంతట తాను సర్దుకునేలా చేయండి. ప్రెస్‌లో పంచ్ పట్టేసి ఆగిందా, ఫీడర్లు కూడా ఆగాలి.

మెగ్నీషియం స్టియరేట్ (పొడి అచ్చుకి అంటుకోకుండా వేసే లూబ్రికెంట్) గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్రాజెక్టులు దీని దగ్గరే నవ్వులపాలవుతాయి. 1 శాతం అంటే గంటకి 200 గ్రాములు, నిమిషానికి 3.3 గ్రాములు. ఈ కాస్తని సెకను సెకనుకీ సమానంగా రాల్చడం చిన్న ఫీడర్లకి కూడా పరీక్షే. ఉండ కడుతుంది, స్క్రూ కొసన వేలాడి ఒక్కసారిగా ఊడిపడుతుంది. కొంతమంది దాన్ని ఒక ఎక్సిపియెంట్‌తో (మందు కాని పూరక పొడి) ముందే కలిపి ప్రీమిక్స్‌గా ఫీడ్ చేస్తారు. ఫీడింగ్ బాగుంటుంది, కానీ ఆ ప్రీమిక్స్ ఒక బ్యాచ్ ప్రాసెస్ అవుతుంది, దానికి మళ్లీ హోల్డ్ టైమ్, మళ్లీ శాంప్లింగ్. రెండోది, ఓవర్ లూబ్రికేషన్. లైన్‌ని సగం ఫ్లోలో నడిపి బ్లెండర్ ఆర్‌పీఎం తగ్గించడం మరిచిపోతే, పొడి లోపల ఎక్కువసేపు ఉండి ఎక్కువ పలకల దెబ్బలు తింటుంది. మాత్ర హార్డ్‌నెస్ పడిపోతుంది, డిసొల్యూషన్ (మాత్ర కరిగి మందు విడుదలవడం) నెమ్మదిస్తుంది. కంప్రెషన్ ఫోర్స్ పెంచి సరిచేయబోతారు, అది జబ్బు వదిలేసి జ్వరానికి మందేయడం లాంటిది.

ఇదే తర్కం తక్కువ మోతాదు ఏపీఐలకీ వర్తిస్తుంది. మీది 20 శాతం కాబట్టి అదృష్టవంతులు. 1 శాతం కన్నా తక్కువ మందు ఉన్న ప్రోడక్ట్‌తో మొదటి లైన్ మొదలుపెట్టమని ఎవరైనా అంటే మర్యాదగా తప్పుకోండి.

ఎన్ఐఆర్ గురించి క్లుప్తంగా. అది అవసరమా? నా అభిప్రాయంలో అవసరమే, కానీ అది రెండో సాక్షి, మొదటి సాక్షి ఫీడర్ డేటా. ఇద్దరూ ఒకే మాట చెబితే నిద్రపోవచ్చు. వేర్వేరు మాటలు చెబితే ఎవరిది అబద్ధమో తేల్చే పద్ధతి ముందే రాసి ఉండాలి, మాలాగా అర్ధరాత్రి ఓటింగ్ పెట్టుకోకుండా. ప్రోబ్‌ని ప్రెస్ ఫీడ్ ఫ్రేమ్‌లో పెట్టడం మంచిది, అది డై లోకి వెళ్లేముందు చివరి చూపు. ఒక్కో రీడింగ్‌లో అది చూసే పొడి దాదాపు ఒక మాత్ర బరువుకి దగ్గరగా ఉండేలా సెట్ చేసుకోవాలి. ఇక మోడల్, అంటే ఆ కాంతి రీడింగ్‌ని మందు శాతంగా మార్చే లెక్క, కట్టేసి వదిలేసే వస్తువు కాదు. ఎక్సిపియెంట్ వెండర్ మారినా, అదే వెండర్ లాట్‌లో రేణువు సైజు కొంచెం మారినా అది మెల్లగా పక్కకి జారుతుంది. దాన్ని చూసుకునే కీమోమెట్రిక్స్ (ఇలాంటి లెక్కలు కట్టే విద్య) మనిషి మీ జీతాల జాబితాలో ఉండాలి. కన్సల్టెంట్ వచ్చి మోడల్ కట్టి వెళ్లిపోతే, ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఖరీదైన దీపం ఒకటి మిగులుతుంది. ప్రోబ్ చెడిపోతే రన్ ఆపాలా, మాత్రల శాంప్లింగ్ పెంచి కొనసాగించాలా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

రెగ్యులేటర్ల గురించి మీ భయం నిజానికి పదేళ్ల పాత భయం. అమెరికా ఎఫ్‌డీఏ 2004లోనే ప్రాసెస్ అనలిటికల్ టెక్నాలజీ (తయారీ జరుగుతుండగానే నాణ్యత కొలవడం) మీద గైడెన్స్ ఇచ్చింది. 2015 జులైలో వెర్టెక్స్ కంపెనీ వారి ఆర్కాంబి అనే మందు కంటిన్యువస్ పద్ధతిలో తయారయ్యేలా అప్రూవ్ అయింది. మీకు దగ్గరి ఉదాహరణ దాని తర్వాతది. 2016 ఏప్రిల్‌లో జాన్సెన్ వారి ప్రెజిస్టా 600 మిల్లీగ్రాముల టాబ్లెట్ బ్యాచ్ నుంచి కంటిన్యువస్‌కి మారడానికి ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. ప్లాంటు ప్యూర్టోరికోలోని గురాబోలో. అప్పటికే మార్కెట్‌లో ఉన్న మందు అలా మారడం అదే మొదటిసారి. మీరు చేయబోయేదీ అదే పని. ఆ తర్వాత 2022 నవంబర్‌లో ఐసీహెచ్ (మందుల నియమాలని దేశాల మధ్య ఒకటిగా చేసే సంస్థ) వారి కంటిన్యువస్ తయారీ గైడ్‌లైన్ క్యూ13 ఖరారైంది, 2023 మార్చిలో ఎఫ్‌డీఏ దాన్ని తన గైడెన్స్‌గా ప్రచురించింది. క్యూ13 మొత్తం చదవండి, పెద్ద పత్రమేమీ కాదు. చివరి అనుబంధాలలో ఘన మోతాదుల ఉదాహరణ ఉంది, మీ లైన్ బొమ్మ దాదాపు అదే.

అందులో రెండు విషయాలు మీ క్యూఏ (క్వాలిటీ అస్యూరెన్స్) వాళ్లతో కూర్చుని చదవాలి. ఒకటి, బ్యాచ్ అంటే ఏమిటి. కంటిన్యువస్‌లో బ్యాచ్ ఉండదని ఒక అపోహ. ఉంటుంది. ఇంత బయటికి వచ్చింది అనో, ఇంత లోపలికి పోశాం అనో, ఫలానా ఫ్లోలో ఇన్ని గంటలు నడిపాం అనో నిర్వచించుకోవచ్చు. గంటకి 20 కిలోల చొప్పున 15 గంటలంటే మీ పాత 300 కిలోలే. గిరాకీ పెరిగితే 30 గంటలు నడుపుతారు. పెద్ద బ్లెండర్ కొని స్కేలప్ చేసే తలనొప్పి తప్పుతుంది. కానీ ఎక్కువ గంటలకి సరిపడా ఆధారం చూపించాలి: లోపల పొడి పేరుకోవడం, వేడి, సెన్సర్ జారుడు, క్లీనింగ్ చేయకుండా ఎంతసేపు అన్నవి. మా వెంట్ ఫిల్టర్ మూసుకుంది పదకొండో గంటలో. మూడు గంటల ట్రయల్‌లో అది ఎప్పటికీ బయటపడేది కాదు.

రెండోది, స్టేట్ ఆఫ్ కంట్రోల్, స్టెడీ స్టేట్ ఒకటి కావు. అన్నీ చలనం లేకుండా నిలబడి ఉండాలని క్యూ13 అడగదు. కదలికలు ఉన్నా, అవి మాత్ర నాణ్యతని దెబ్బతీయవని మీ కంట్రోల్స్ హామీ ఇవ్వగలగాలి. ఇది అర్థం కాని క్యూఏ ప్రతి చిన్న కుదుపుకీ డీవియేషన్ (తేడా జరిగిందని రాసి విచారించే ఫైలు) తెరుస్తుంది, లైన్ కన్నా డీవియేషన్లే కంటిన్యువస్‌గా నడుస్తాయి. అర్థమైన క్యూఏ మొదటి రోజునుంచే అలారం లెక్కల్లో కూర్చుంటుంది. కాబట్టి పరికరం ఎంచుకునే కమిటీలోనే క్యూఏ మనిషిని పెట్టండి, కొన్నాక పిలవకండి.

మనుషులు తగ్గుతారా అన్నారు. బిన్లు తోసేవాళ్లు, మధ్యలో దించి ఎక్కించేవాళ్లు తగ్గుతారు. వాళ్ల స్థానంలో కంట్రోల్ లూప్ తెలిసిన ఇంజినీరు, మోడల్ చూసే మనిషి, తూకం నాడి తెలిసిన మెయింటెనెన్స్ మనిషి కావాలి, అదీ మూడు షిఫ్టులకి. అన్నిటికన్నా ముఖ్యం, తెల్లవారుజామున 3 గంటలకి లైన్ ఆపాలా, మళ్లించి నడపాలా అని తేల్చే అధికారం ఎవరిది? బ్యాచ్‌లో ఆ ప్రశ్న పొద్దున మీటింగ్ దాకా ఆగుతుంది. ఇక్కడ ఆగదు. మా ప్లాంటులో ఆ పేరు బోర్డు మీద రాసి ఉంటుంది.

ఖర్చు లెక్కలో జనం మరిచేది స్టార్టప్ నష్టం. లైన్ మొదలై నిలకడకి రావడానికి పావుగంట పోయిందనుకోండి, 5 కిలోలు, 25,000 మాత్రలు. రెండు గంటల రన్‌కి ఇది 12.5 శాతం. 24 గంటల రన్‌కి 1 శాతం. అందుకే చిన్నచిన్న రన్లు, రోజుకో ప్రోడక్ట్ మార్పు ఉన్న ప్లాంటుకి ఇది ఎక్కిరాదు. పైగా మిషన్లు చిన్నవే అయినా క్లీనింగ్ చిన్నది కాదు. ఐదారు ఫీడర్లు, ఒక్కోదానికి హాపర్, స్క్రూలు, సీళ్లు, గొట్టాలు. విప్పి, కడిగి, ఆరబెట్టి, బిగించి, మళ్లీ తూకాలు సరిచూసేసరికి ఒక షిఫ్ట్ హాంఫట్. మీది ఏడాదంతా ఒకే ప్రోడక్ట్ కాబట్టి ఇక్కడ కూడా మీకు కలిసొచ్చింది.

గ్రాన్యులేషన్ లైన్ కూడా కలిపి తీసుకుంటే భవిష్యత్తులో పనికొస్తుందని వెండర్ అంటాడు. ట్విన్ స్క్రూ గ్రాన్యులేటర్ మంచి మిషనే. దాని వెనక డ్రైయర్, తేమ కొలత, మిల్లింగ్ వచ్చి చేరతాయి. చాలా డిజైన్లలో డ్రైయర్ గదులుగా విడిపోయి ఒక్కో గదిలో చిన్న బ్యాచ్‌లా ఆరబెడుతుంది, అంటే రెసిడెన్స్ టైమ్ లెక్క మళ్లీ చిక్కుపడుతుంది. డైరెక్ట్ కంప్రెషన్‌లో చెయ్యి తిరిగేదాకా దాని జోలికి పోవద్దు. కోటింగ్‌ని కూడా ప్రస్తుతానికి మీ పాత ప్యాన్‌లోనే ఉంచండి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, లైన్ కొటేషన్ దగ్గర మాత్రం కాదు. ముందు మీ ఏపీఐవి, ముఖ్య ఎక్సిపియెంట్‌వి వేర్వేరు లాట్ల నుంచి, కుదిరితే వేర్వేరు సీజన్లలో వచ్చిన లాట్ల నుంచి శాంపిల్స్ తీసి బల్క్ డెన్సిటీ, ఫ్లో, రేణువు సైజు, స్టాటిక్ కొలిపించండి. బ్యాచ్‌లో మీకెప్పుడూ కనపడని లాట్ తేడాలు ఇక్కడ బయటపడతాయి. బిన్‌కి డెన్సిటీ 0.35 అయినా 0.42 అయినా ఒకటే, స్క్రూకి అవి రెండు వేర్వేరు పొడులు. పిండి కొద్దీ రొట్టె అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. తర్వాత ఒక్క ఫీడర్ అద్దెకి తెచ్చుకోండి, లేదా వెండర్ ల్యాబ్‌కి మీ పొడి తీసుకెళ్లండి. మీ లాట్లలో అతి చెడ్డదాన్ని పోసి, గంటకి 4 కిలోలు పెట్టి, కనీసం 12 గంటలు ఆపకుండా నడపండి. రీఫిల్స్ అన్నీ రికార్డు చేయండి. మంచి లాట్‌తో రెండు గంటల డెమో ఎవరైనా చేస్తారు.

ఆ ఫీడర్ పాసైతేనే మిగతా లైన్ గురించి మాట్లాడండి. పాస్ కాకపోతే స్క్రూ మార్చి చూడండి, ఏపీఐ తయారీదారుతో రేణువు సైజు గురించి మాట్లాడండి. రెండూ కుదరకపోతే మీ బిన్ బ్లెండరే మంచిది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. బ్లెండ్ రిజల్ట్ కోసం నిలబడే రోజులు తగ్గించడానికి బిన్ మీద ఎన్ఐఆర్ పెట్టుకున్నా సగం లాభం చేతికొస్తుంది.

ట్రయల్‌కి వెళ్లేటప్పుడు స్టాప్‌వాచ్, సొంత తూకం యంత్రం, కొత్త వెంట్ ఫిల్టర్ ఒకటి, వాడి మూసుకుపోయిన వెంట్ ఫిల్టర్ ఒకటి పట్టుకెళ్లండి. మూసుకుపోయినదాన్ని హాపర్‌కి బిగించి నడపమని అడగండి. వెండర్ ఇంజినీరు మొహం చూస్తే ఆ మిషన్‌కి ప్రెషర్ కాంపెన్సేషన్ (హాపర్ ఒత్తిడి తూకాన్ని తప్పించకుండా సరిచేసే ఏర్పాటు) ఉందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. ఆ 12 గంటల డేటా, అందులో స్క్రూ వేగం గ్రాఫ్ తప్పకుండా, వచ్చాక ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.